చదరాలు ఒకదానికొకటి సరిపోవడం లేదా? ముందు కుట్లు లెక్కపెట్టండి

సూదులతో అల్లే గిన్నెలు తుడిచే గుడ్డ చక్కగా మొదలవుతుంది, పైకి వెళ్లేసరికి వెడల్పు మారిపోతుంది. దుప్పటి కోసం అల్లిన చదరాలు నేల మీద పరిస్తే ఒకటి పెద్దదిగా, ఇంకొకటి చిన్నదిగా ఉంటాయి. చాలామంది వెంటనే తమ చేతి బిగువునే అనుమానించి సూదులు మార్చేస్తారు, అల్లినదంతా విప్పేస్తారు. దయచేసి ఆగండి. ముందు సూది మీద ఉన్న కుట్లు లెక్కపెట్టండి.

పైకి వెళ్లేకొద్దీ వెడల్పు మారుతోంది

కుట్ల సంఖ్య మారింది, అంతే. 36తో మొదలుపెట్టిన చోట ఇప్పుడు 39 ఉన్నాయా? ఎక్కువసార్లు తప్పు వరస మొదట్లోనే జరుగుతుంది. ఊలు సూది కింద నుంచి కాకుండా పైనుంచి వెనక్కి పోతే మొదటి కుట్టు పైకి లాగబడి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి. రెండూ అల్లేస్తే ఒక కుట్టు పెరిగినట్టే. నిట్ (నున్నగా కనిపించే మామూలు కుట్టు), పర్ల్ (గట్టులా కనిపించే తిరగేసిన కుట్టు) మార్చి మార్చి బొమ్మ తేల్చే గుడ్డల్లో ఇంకో తప్పు జరుగుతుంది. ఊలును రెండు సూదుల మధ్యలోంచి కాకుండా సూది మీదుగా ముందుకు తెస్తే అక్కడ ఒక కుట్టు పెరుగుతుంది, కింద చిన్న కన్నం మిగులుతుంది. తగ్గితే మాత్రం ఎక్కడో కుట్టు జారి ఉంటుంది, లేదా రెండు కలిపి అల్లి ఉంటారు.

ప్రతి నాలుగు వరసలకూ ఒకసారి లెక్కపెట్టండి. అర నిమిషం పని. తేడా కనిపిస్తే విప్పాల్సింది ఆ నాలుగు వరసలే.

కుట్లు సరిగ్గానే ఉన్నాయి, చదరం మాత్రం చిన్నది

నన్ను బాగా ఏడిపించిన సమస్య ఇదే. ఒకసారి దుప్పటికి పన్నెండు చదరాలు అల్లాను. ఒకే ఊలు, ఒకే సూదులు, అన్నిటికీ 36 కుట్లు. జడ డిజైన్ ఉన్న నాలుగు మాత్రం నడుము దగ్గర లోపలికి పోయాయి. తడిపి, గుండుసూదులతో లాగి ఆరబెడితే సరిపోయినట్టే కనిపించాయి, జోడించేశాను. మొదటి ఉతుకులోనే అవి మళ్లీ ముడుచుకుని పక్క చదరాలను కూడా లాగేశాయి. అది అక్రిలిక్ ఊలు. తడిపి లాగి ఆరబెట్టినంత మాత్రాన ఆ సాగిన కొలత అందులో నిలవదు.

ప్రతి డిజైన్‌కూ తనదైన లాగుడు ఉంటుంది. జడలో కుట్లు ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి కాబట్టి వెడల్పు తగ్గుతుంది. నిట్, పర్ల్ నిలువు చారలుగా వచ్చే రిబ్‌లో పర్ల్ నిలువులు వెనక్కి దాక్కుంటాయి. గార్టర్ (అన్ని వరసలూ నిట్) మాత్రం పక్కలకు పరుచుకుంటుంది. అల్లుతున్నప్పుడు ఇది కంటికి ఆనదు. సూది మీద కుట్లు ఎలా సర్దితే అలా కనిపిస్తాయి. పైగా కింది అంచు మామూలు గార్టర్ కాబట్టి, అక్కడ టేపు పెడితే కొలత సరిగ్గానే వస్తుంది. కొలవాల్సింది మధ్యలో.

పరిష్కారానికి ఒక్కో డిజైన్‌కూ ఒక నమూనా ముక్క అల్లాలి. కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి. ఉతికి, ఆరాక, లాగకుండా పరిచి, మధ్యలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో చూడండి. ఉదాహరణకు మామూలు అల్లికలో 18, జడలో 23 వచ్చాయనుకుందాం. 20 సెంటీమీటర్ల చదరానికి 36 కుట్లు కావాలి. రెండు పక్కలా నాలుగేసి అంచు కుట్లు తీసేస్తే లోపల 28, అంటే సుమారు పదిహేనున్నర సెంటీమీటర్లు. అంత వెడల్పు జడకు 36 కావాలి, అంటే 8 ఎక్కువ. అలాగని మొదటే 44 వేయకండి, కింది అంచు కుచ్చులా విచ్చుకుంటుంది. 36తోనే మొదలుపెట్టి, కింది అంచు ఆఖరి వరసలో జడలు వచ్చే చోట్ల 8 పెంచండి. పై అంచు మొదలయ్యే వరసలో ఆ 8 తగ్గించేయండి.

ఎత్తుకు కూడా వరసల లెక్కను నమ్మకండి. గార్టర్‌లో రెండు వరసలు కలిస్తే ఒక గట్టు. 36 కుట్లకు సుమారు 36 గట్లు, అంటే 72 వరసలు కావాలి. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వచ్చే స్టాకినెట్‌లో అదే ఎత్తు 50 వరసల దగ్గర వచ్చేస్తుంది. టేపుతో కొలిచే ఆపండి.

ఇప్పటికే అల్లేసినవి విప్పక్కర్లేదు. చిన్న చదరం నాలుగు పక్కలా కుట్లు ఎత్తి, అదే ఊలుతో గార్టర్ అంచు అల్లండి. 2 సెంటీమీటర్లు తక్కువైతే పక్కకు ఒక సెంటీమీటరు చాలు. మూలల్లో కుట్లు పెంచడం మరవకండి, లేదంటే మూలలు ముడుచుకుంటాయి. నడుము లోపలికి పోయిన దాన్ని మాత్రం అంచు పూర్తిగా సరిచేయదు. లోటు రెండు మూడు సెంటీమీటర్లు దాటితే దాన్ని పక్కన పెట్టి కొత్తది అల్లడమే మేలు.

మధ్యలో ఉబ్బు, పక్కలు పొట్టి

చుట్టూ గార్టర్, మధ్యలో స్టాకినెట్ ఉన్న ముక్కల్లో ఇది వస్తుంది. గార్టర్ వరస పొట్టి కాబట్టి అంచులు మధ్య భాగాన్ని కిందికి లాగుతాయి. నూలు గుడ్డయితే తడిపి పరిచి ఆరబెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది. దుప్పటి చదరంలో అయితే ప్రతి ఎనిమిది పది వరసలకూ ఒకసారి, ఒక పక్కనున్న నాలుగు అంచు కుట్లు మాత్రమే అల్లి వెనక్కి తిరిగి, రెండు వరసలు అదనంగా వేయండి. రెండు పక్కలా చేయాలి.

మిగతావి

పై అంచు బిగుసుకుంటే కుట్లు మూసేటప్పుడు ఒక సైజు పెద్ద సూది వాడండి. చదరం ఒక పక్కకు వాలితే అది ఊలు పురి వల్ల కావచ్చు. అరుదు, జోడించాక పెద్దగా తెలియదు. రెండు సూదులూ ఒకే సైజువి కాకపోవడం కూడా ఉంటుంది. సూదుల మీది అంకె ఒకసారి చూడండి.