ఉప్పునీటి ట్యాంకులో చేపలు నిలవడం లేదా? ముందు ఎంపిక చూసుకోండి

ఉప్పునీటి చేప చనిపోతే అందరూ ముందు నీళ్లనే అనుమానిస్తారు. నిజానికి చాలాసార్లు తప్పు షాపులోనే జరుగుతుంది. రంగు చూసి కొంటాం. అది ఎంత పెరుగుతుందో, ఏం తింటుందో, ఎవరితో పడుతుందో అడగం. మూడు, నాలుగు అడుగుల ట్యాంకు ఉన్నవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులు ఇవీ.

కొత్త ట్యాంకు. చేప పైకి వచ్చి గబగబా ఊపిరి తీస్తోంది

చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం, అమ్మోనియా పెరిగింది. దాన్ని తినే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వెంటనే కొంత నీరు మార్చి, మేత తగ్గించి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి తయారయ్యే నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా ఇంకో చేపను తేవద్దు. 'ముందు ఒక డ్యామ్సెల్ (చిన్న, గట్టి సముద్రపు చేప) వేసి చూడండి' అని షాపువాళ్లు చెబితే వినకండి. ఆ చేపకు అది హింస. పైగా బతికి బట్టకడితే ట్యాంకంతా తనదే అంటుంది, తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది.

బోరు నీళ్లలో ఉప్పు కలపొద్దు. వంటింటి ఆర్‌ఓ కూడా నీటిలో ఖనిజాలెన్నో చూపే టీడీఎస్ మీటరుతో చూశాకే వాడండి. కొన్నింటిలో ఖనిజాలు తిరిగి కలుస్తాయి.

బ్లూ ట్యాంగ్ ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు

అందరూ అడిగేది ఈ చేపనే, ఎక్కువగా జబ్బు పడేదీ ఇదే. షాపులో రెండంగుళాలే ఉంటుంది కానీ పెరిగితే దాదాపు 30 సెంటీమీటర్లు. ఆరడుగుల ట్యాంకు లేకపోతే తిరగడానికి చోటు చాలక ఒత్తిడికి లోనవుతుంది. అప్పుడు మెరైన్ ఇక్ అనే పరాన్నజీవి సులువుగా పట్టేస్తుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కొద్ది రోజుల్లో చుక్కలు పోతాయి, తగ్గిపోయిందనుకుంటాం. ఆ పురుగు చేపను వదిలి ఇసుకలో, రాళ్లలో గుల్ల కట్టుకుని, వందల పిల్లలుగా బయటికి వస్తుంది. రెండోసారి చుక్కలు అందుకే ఎక్కువ.

చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి మార్చి, కాపర్ మందు లేబుల్ మీద రాసిన మోతాదులో, కాపర్ టెస్ట్ కిట్‌తో రోజూ చూసుకుంటూ వాడాలి. అసలు ట్యాంకులో కాపర్ వేస్తే రొయ్యలు, నత్తలు, కోరల్స్ చచ్చిపోతాయి. ఆ ట్యాంకును కనీసం ఆరు వారాలు చేపలు లేకుండా ఉంచండి. నీలం రంగు మీద అంత ఇష్టముంటే ఎల్లోటెయిల్ డ్యామ్సెల్ చూడండి. డ్యామ్సెల్స్‌లో ఇది కాస్త నెమ్మది, ఇంటి ట్యాంకుకు సరిపోతుంది.

మాండరిన్ చేప రోజంతా రాళ్లు పొడుస్తూనే ఉంది, అయినా చిక్కిపోతోంది

రాళ్ల మీద పాకే కోపిపాడ్స్ అనే సన్నని జీవులే దాని ఆహారం. గుళికలు చాలావాటికి మేతగానే అనిపించవు. పైనుంచి చూస్తే తల వెనక సన్నబడి, పొట్ట లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. బతికున్న కోపిపాడ్స్ తెచ్చి వేస్తూ ఉండాలి. ట్యాంకు బాగా పాతబడి, రాళ్లు నిండుగా ఉంటే తప్ప ఈ చేపను కొనొద్దనే నా సలహా.

క్లౌన్ ఫిష్‌లు కొట్టుకుంటున్నాయి

మూడు వేశారా? అదే కారణం. క్లౌన్ ఫిష్‌లన్నీ మొదట మగవే, గుంపులో పెద్దది ఆడగా మారుతుంది. చిన్న ట్యాంకులో జంట కట్టాక మూడోదాన్ని బతకనివ్వవు. దాన్ని వెంటనే తీసేయండి. కొత్తగా కొనేవాళ్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకోండి. పెద్దదాని ముందు చిన్నది ఒళ్లు వణికిస్తూ పక్కకు వాలితే కంగారు పడకండి, అది లొంగుబాటు. సముద్రంలో ఇవి ఆశ్రయం పొందే అనిమోన్ అనే జీవి లేకపోయినా ఇవి హాయిగా బతుకుతాయి.

పొద్దున్న లేచేసరికి ఫైర్‌ఫిష్ మాయం

బెదిరితే ఎగిరి బయట పడుతుంది. సన్నని వల మూత బిగించండి. లయన్ ఫిష్ కూడా ఉంటే దాని నోట్లో పట్టే చేప ఏదీ మిగలదు, రెండూ కలిపి పెట్టొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో అన్నీ ఒకేసారి నీరసపడుతున్నాయి

24 నుంచి 27 డిగ్రీలు ఉండాల్సిన నీరు విజయవాడ ఎండలకు 30 దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది. నీటి మీదుగా ఫ్యాన్ పెడితే రెండు, మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లే పోయండి, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి సాంద్రత ఉండాల్సిన 1.025 దాటిపోతుంది. ఫ్యాన్‌తో అదుపు కాకపోతే చిల్లర్ తప్పదు. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు కూడా దగ్గర ఉంచుకోండి.

చుక్కల్లేవు, బాగా తింటోంది, అయినా కొన్ని వారాలకు చనిపోయింది

దూరాల నుంచి వచ్చిన, సముద్రంలో పట్టిన చేప అయితే సయనైడ్ అనుమానించవచ్చు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా రీఫ్‌లలో చేపలకు మత్తెక్కించి పట్టడానికి దాన్ని వాడిన చరిత్ర ఉంది. లోపల అవయవాలు దెబ్బతింటే మనం చేయగలిగింది ఏమీ లేదు. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన చేపల్నే అడగండి. క్లౌన్ ఫిష్, బంగాయ్ కార్డినల్ అలా దొరుకుతాయి. క్లౌన్ ఫిష్ పిల్లల్ని మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) కూడా ఉత్పత్తి చేసింది. ఏ చేపైనా సరే, డబ్బు ఇచ్చే ముందు మీ ఎదుటే మేత వేయమనండి. తినకపోతే అక్కడే వదిలేసి రండి.