పేపరు లీకైందని చెప్పే వెబ్‌సైట్‌ను నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం ఎలా?

గ్రూప్స్ కానీ, డీఎస్సీ కానీ, కానిస్టేబుల్ కానీ, పరీక్ష తేదీ దగ్గరపడిందంటే కర్నూలు కోచింగ్ గ్రూపుల్లో ఒక లింకు తిరగడం మొదలవుతుంది. నొక్కితే నల్లటి పేజీ, ఎర్రటి అక్షరాలు, 'కాన్ఫిడెన్షియల్' ముద్ర, మూలన తగ్గిపోతూ ఉండే టైమర్. "ఒరిజినల్ పేపరు, కీతో సహా, 499 రూపాయలు మాత్రమే." రాజ్‌విహార్ సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపులవాళ్లను అడిగి చూడండి. "అన్నా, ఈడ డబ్బు కడితే నిజంగా వస్తాదా?" అని ఫోను చూపించే పిల్లలు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

పరీక్ష పేపరనే కాదు. రహస్య ఫైళ్లు, ఎవరిదో డేటా, ఇంకా విడుదల కాని రిజల్ట్స్, ఏది లీకైందని చెప్పినా పరిశీలించే పద్ధతి ఒకటే. ముందుగా ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఫైలు దించి చూస్తే నిజమో కాదో తెలిసిపోతుంది కదా అనుకోకండి. మోసమంతా ఉండేది ఆ దించడంలోనే. కింద చెప్పే పనుల్లో మొదటి మూడింటికి ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, ఎవరికీ రూపాయి పంపక్కర్లేదు.

మొదట అడ్రస్ చదవండి

వెబ్‌సైట్ అడ్రస్‌ను ఎడమ నుంచి చదివితే మోసపోతాం. మొదట్లో ఉండే 'https://' ను వదిలేసి, దాని తర్వాత వచ్చే మొదటి స్లాష్ (/) ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. 'ఏపీపీఎస్సీ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ షాప్' అని ఉందనుకుందాం. ముందు భాగం చూసి సర్కారు సైటనుకుంటాం. కానీ దాని అసలు ఓనరు చివర్లో ఉన్న 'ఫలానా డాట్ షాప్'. ముందు ఏం తగిలించుకున్నా అది వాడి ఇష్టం.

'గవ్ డాట్ ఇన్' అనే చివరి పేరు ప్రభుత్వ సంస్థలకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వరు. అయితే ఆ పేరు లేని ప్రతి సైటూ దొంగది అనుకుంటే అదీ తప్పే. 2025 మెగా డీఎస్సీ అధికారిక సైటు 'ఏపీసీఎఫ్‌ఎస్‌ఎస్ డాట్ ఇన్' పేరు మీద నడిచింది. కాబట్టి అనుమానం వస్తే తిరగేసి వెతకండి. ఆ శాఖ వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి, అక్కడ ఈ లింకు ఇచ్చారో లేదో చూడండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు పట్టుకొని శాఖ దగ్గరికి వెళ్లకండి.

అసలు లీకైన పేపరు అమ్మే సైటు మీద మూడు సింహాల ముద్ర ఎందుకుంటుంది? దొంగ పోలీసు టోపీ పెట్టుకొని కన్నం వేయడానికి వచ్చినట్టుంది. ఆ ముద్ర ఒక్కటి కనిపించినా ఇక మిగతా పరీక్షలు అక్కర్లేదు.

అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది, సేఫే అని చెప్పేవాళ్లున్నారు. తాళం అంటే మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. అవతల కూర్చున్నవాడు మంచోడని కాదు. ఆ తాళం రావడానికి సైటుకు కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. ఈ పొరపాటు జనంలో బాగా పాతుకుపోయిందనే 2023లో క్రోమ్ బ్రౌజర్ తాళం బొమ్మనే తీసేసి వేరే గుర్తు పెట్టింది.

సైటు ఎప్పుడు పుట్టింది?

'హూఈజ్' అని వెతికితే డొమైన్ల, అంటే వెబ్‌సైట్ పేర్ల, వివరాలు చూపించే సైట్లు దొరుకుతాయి. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ నడిపే లుకప్ పేజీ ఉచితం. అడ్రస్ అందులో వేస్తే ఆ పేరు ఏ రోజున రిజిస్టర్ అయిందో చూపిస్తుంది. ఓనరు పేరు చాలాసార్లు దాచే ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. తేదీ చూడండి. "పదేళ్లుగా వేలమందికి ఉద్యోగాలు తెప్పించాం" అని రాసుకున్న సైటు పోయిన వారం పుట్టిందని తేలితే మీకు కావాల్సిన జవాబు వచ్చేసినట్టే. పాత తేదీ కనబడినంత మాత్రాన నమ్మకూడదు. వదిలేసిన పాత పేర్లను కొని వాడుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు వెబ్‌సైట్ల పాత పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ అనే ఆర్కైవ్‌లో అదే అడ్రస్ వేసి చూస్తే, మొన్నమొన్నటి దాకా అక్కడ ఏ చెప్పుల కొట్టు పేజీయో ఉండేదని బయటపడుతుంది.

టైమర్‌ను కూడా పరీక్షించొచ్చు. పేజీని రిఫ్రెష్ చేయండి, లేదా ఇంకో ఫోనులో తెరవండి. "ఇంకా 9 నిమిషాలే" అన్నది మళ్లీ మొదటికొస్తే అది గడియారం కాదు, మిమ్మల్ని టెన్షన్ పెట్టడానికి వేసిన బొమ్మ.

చూపిస్తున్న రుజువును పట్టి చూడండి

ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. "పోయిన పరీక్ష పేపరు ముందురోజే పెట్టాం, కావాలంటే టైమ్ చూసుకోండి" అని ఒక టెలిగ్రామ్ పోస్టు చూపిస్తారు. తేదీ చూస్తే నిజంగానే పరీక్షకు ముందురోజు ఉంటుంది.

ఇది ఎలా చేస్తారంటే, టెలిగ్రామ్ ఛానెల్ నడిపేవాడు తన పాత పోస్టును తర్వాత మార్చుకోవచ్చు. అందులో ఉన్న ఫైలునే తీసేసి వేరేది పెట్టొచ్చు. పరీక్షకు ముందురోజు ఏదో ఒక ఫైలు పెడతాడు. పరీక్ష అయిపోయి అసలు పేపరు అందరి చేతికీ వచ్చాక దాన్ని అక్కడ ఇరికిస్తాడు. పోస్టు మీద మాత్రం పాత తేదీయే ఉండిపోతుంది. పక్కన 'ఎడిటెడ్' అన్న చిన్న మాట కనిపిస్తుంటుంది కానీ, స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు దాన్ని కత్తిరించడం ఎంతసేపు? అందుకే స్క్రీన్‌షాట్ నమ్మకుండా అసలు పోస్టు చూపించమనాలి. వాడు చూపించడు.

2024 నీట్ గొడవల్లో ఇదే జరిగింది. పరీక్షకు ముందురోజు, మే 4నే పేపరు బయటికొచ్చినట్టు చూపించిన టెలిగ్రామ్ వీడియోలో తేదీని తారుమారు చేశారని ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సుప్రీంకోర్టుకు చెప్పింది. అదే ఏడాది జూన్ 18న జరిగిన యూజీసీ నెట్‌ను మరుసటి రోజే రద్దు చేశారు. దాని పేపరు ముందే లీకైనట్టు తిరిగిన స్క్రీన్‌షాట్, పరీక్ష మొదలయ్యాక తీసిన ఫోటోకు తేదీ మార్చి తయారుచేసిందని సీబీఐ దర్యాప్తులో తేలింది. లక్షలమంది రాసిన పరీక్ష ఆగిపోవడానికి ఒక దొంగ స్క్రీన్‌షాట్ కూడా కారణమైందంటే, మన గ్రూపులోకొచ్చే ఫోటో సంగతి ఆలోచించండి.

అలాగని లీకులే జరగవని నేననడం లేదు. ఆ నీట్ పేపరు నిజంగానే బయటికొచ్చింది. అయితే ఎలా? హజారీబాగ్‌లోని ఒక సెంటర్‌లో పరీక్ష రోజు పొద్దున ఫోటోలు తీసి, జవాబులు రాయించి, ముందే బేరం కుదిరిన కొద్దిమంది అభ్యర్థులకు చేరవేశారని సీబీఐ చెప్పింది. వెబ్‌సైట్ పెట్టి అందరికీ 499కి అమ్మలేదు. మన దగ్గరి ఉదాహరణ కావాలంటే 2022 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. కర్నూలు నుంచి విడిపోయి అప్పటికి నెల కూడా కాని నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల మండలంలో పదో తరగతి తెలుగు పేపరు వాట్సాప్‌లోకి వచ్చింది. అది కూడా పరీక్ష మొదలయ్యాకే. టీచర్లతో సహా పలువురు అరెస్టయ్యారు. నిజంగా పేపరు చేతికి చిక్కినవాడు ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిదనుకుంటాడు. బోర్డు పెట్టి పిలుస్తున్నాడంటే వాడి దగ్గర పేపరు లేదు.

ఇంకో రకం లీకులు ఉంటాయి, జనానికి తెలియాల్సిన విషయాలను బయటపెట్టేవి. 2016లో బయటికొచ్చిన పనామా పేపర్స్‌లో కోటికి పైగా పత్రాలున్నాయి. వాటిని ఎన్నో దేశాల జర్నలిస్టులు నెలల తరబడి సరిచూసి, తమ పేర్లతో రాశారు. అందులోని కంపెనీల వివరాలను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఎవరు సరిచూశారు, ఎవరి పేరు మీద బయటికొచ్చింది అనే రెండు ప్రశ్నలకు జవాబు లేని 'లీకు' విషయంలో తొందరపడకూడదు.

వాళ్లు మీ నుంచి ఏం అడుగుతున్నారు?

డబ్బు అడిగితే సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. యూపీఐలో కనిపించే పేరుకూ సైటు పేరుకూ సంబంధం ఉండదు. మొదట 499, ఆ తర్వాత 'పాస్‌వర్డ్ చార్జీ', ఆపైన 'రీఫండబుల్ డిపాజిట్'. ఉచితమన్న సైట్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ అడిగేవి వేరు.

హాల్‌టికెట్, ఆధార్ అప్‌లోడ్ చేయమంటే మూసేయండి. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటే అది నోటిఫికేషన్ల కోసం. నొక్కితే రోజంతా దొంగ ప్రకటనలు వస్తూనే ఉంటాయి. కంప్యూటర్‌లో విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, తర్వాత పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమని చెప్పే పేజీలు ఈమధ్య ఎక్కువయ్యాయి. అలా చేస్తే వైరస్‌ను మీ చేత్తో మీరే ఎక్కించుకున్నట్టు. ఏ నిజమైన సైటూ మనిషా కాదా అని తేల్చుకోవడానికి ఆ పని చేయమనదు.

ఫైలు ఇప్పటికే దిగిపోయి ఉంటే

తెరవకముందు దాని పేరు చివర చూడండి. పేపరంటే పీడీఎఫ్ కావాలి. చివర ఏపీకే ఉంటే అది యాప్. 'పేపర్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ' అని ఉంటే అది ప్రోగ్రామ్. విండోస్ చివరి మాటను దాచేస్తుంది కాబట్టి పీడీఎఫ్‌లాగే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ అయితే, యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా ఉండటానికే ఆ తాళం వేసి ఉండొచ్చు.

వైరస్‌టోటల్ అనే సైటులో ఫైలు వేస్తే పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షిస్తుంది. అందులో వేసినవి ఇతరులూ చూసే వీలుంది, కాబట్టి మీ సొంత కాగితాలు మాత్రం వేయకండి. 'ఏమీ దొరకలేదు' అని వస్తే సంతోషపడిపోవద్దు, కొత్తగా తయారైన వైరస్ మొదటి రోజుల్లో దొరక్కపోవచ్చు.

ఏపీకే ఇన్‌స్టాల్ కూడా అయిపోయిందా? వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా లావాదేవీలు ఆపమనండి. యాప్ తీసేయడం, ఫోను రీసెట్ చేయడం ఆ తర్వాతి పని.

డబ్బు పోయి ఉంటే

1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు రాయొచ్చు. ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ మీద ఇంతకుముందు ఫిర్యాదులున్నాయో లేదో వెతికే సదుపాయం అందులోనే ఉంది. డబ్బు కట్టకముందే అక్కడ ఒకసారి చూస్తే మేలు.

పేపరు కొనబోయానని ఎలా చెప్పుకోవాలి అని చాలామంది నోరు మెదపరు. మోసగాడి ధైర్యమంతా అదే. యూపీఎస్సీ, ఎస్‌ఎస్‌సీ, రైల్వే, బ్యాంకు, ఎన్‌టీఏ పరీక్షల అక్రమాల మీద 2024 జూన్ 21 నుంచి ప్రత్యేక కేంద్ర చట్టం అమల్లో ఉంది. మన రాష్ట్రంలో 1997 నుంచే ఒక చట్టం ఉంది. కేంద్ర చట్టం గురి పెట్టింది ముఖ్యంగా పేపరు లీకు చేసి వ్యాపారం చేసే ముఠాల మీద.

ఫిర్యాదుకు ముందు చాట్ డిలీట్ చేయకండి. యూపీఐ లావాదేవీలో ఉండే 12 అంకెల నంబరు, సైటు పూర్తి అడ్రస్, ఛానెల్ లింకు, వాళ్లు మాట్లాడిన ఫోన్ నంబర్లు ఒకచోట రాసిపెట్టుకోండి. అడ్రస్‌ను స్క్రీన్‌షాట్‌గా కాకుండా కాపీ చేసి దాచండి, ఒక్క అక్షరం మారినా ఉపయోగపడదు. కొద్దిరోజులకు "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఇంకో ఫోన్ రావచ్చు. అది కూడా ఆ మోసగాళ్ల బ్యాచే చేస్తుంది, లేదా వాళ్ల దగ్గర మీ నంబరు కొనుక్కున్నవాళ్లు చేస్తారు. ఆ నంబరును కూడా అదే ఫిర్యాదులో చేర్చండి.