చెరువు గట్టు మీది జనరేటర్‌లో బయోడీజిల్ పోయాలంటే

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద జనరేటర్లు బాగుచేయడం నా పని. బయోడీజిల్ పోయొచ్చా అని అడిగే రైతులందరికీ నేను చెప్పేది ఒకటే: పోయొచ్చు, కానీ పంట మధ్యలో మొదలుపెట్టకండి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. అప్పుడు కరెంటు పోయి, ఇంజినూ ఆగిపోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగవు, రొయ్యలు చచ్చి పైకి తేలిపోతాయి.

నూనె వేరు, బయోడీజిల్ వేరు. 1900లో పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజిన్ నడిపిన మాట నిజమే. కానీ నూనె డీజిల్ కన్నా సుమారు పది రెట్లు చిక్కన. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే నాజిల్ దగ్గర సన్నటి తుంపరగా విడిపోదు. సగం సగం కాలి, నాజిల్ మొనకీ పిస్టన్ రింగులకీ మసి గట్టిపడిపోతుంది. ఆ నూనెని మిథనాల్‌, కాస్టిక్ సోడాతో మార్చి, గ్లిజరిన్ తీసేసి, కడిగి, తేమ పోగొడితేనే బయోడీజిల్. హోటల్లో వాడేసిన నూనె వడకట్టి పోస్తే కుదరదండి.

కొనేటప్పుడు ఐఎస్ 15607 (బయోడీజిల్ నాణ్యతకి మన దేశ ప్రమాణం) టెస్టు రిపోర్టు అడగండి. చౌకగా వస్తోందని ఊరూ పేరూ లేని డ్రమ్ములు దింపుకోవద్దు. రిపోర్టు ఉన్నా ఒక సీసాలో సగం నీళ్లు, సగం బయోడీజిల్ పోసి గట్టిగా కుదిపి అరగంట వదిలేయండి. నీళ్లు కిందకి, చమురు పైకి, మధ్యలో గీత గీసినట్టు విడిపోవాలి. ఆ మధ్యలో తెల్లటి సబ్బులాంటి పొర నిలిచిందంటే సరిగ్గా తయారవలేదన్నమాట, వెనక్కి పంపేయండి.

డీజిల్‌లో కలిపే బయోడీజిల్ 20 శాతం దాటొద్దు. అదైనా మీ ఇంజిన్ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో బుక్కులో చూసుకున్నాకే. 200 లీటర్ల డ్రమ్ములో ముందు 160 డీజిల్, దాని మీద 40 బయోడీజిల్ పోయాలి. బయోడీజిల్ బరువెక్కువ కాబట్టి కిందికి దిగుతూ కలుస్తుంది. ముందే పోస్తే అడుగునే ఉండిపోతుంది.

అసలు ప్రమాదం పాత ట్యాంకుతో. బయోడీజిల్‌కి కడిగే గుణం ఉంది. ఏళ్ల తరబడి గోడలకి పట్టిన జిగటనంతా ఊడదీసి ఫిల్టర్‌లోకి తెచ్చిపోస్తుంది. లోడు పడగానే ఇంజిన్ ఊగుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. అందుకే ముందే ట్యాంకు దింపి కడగండి, అడుగున నీళ్లు లేకుండా చూడండి. మొదటి ఫిల్టర్‌ని మామూలు గడువులో సగానికే మార్చేయండి. రెండు కొత్త ఫిల్టర్లు, స్పానరు షెడ్డులోనే ఉండాలి. ఫిల్టర్ మార్చాక ఇంధనం దారిలో చేరిన గాలి తీయడం రాత్రి కాపలా ఉండే మనిషికి నేర్పండి: ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టాలి, బుడగలు ఆగి చమురు ఒకే ధారగా వచ్చాక బిగించాలి. ఇది పగలు, మీ ఎదురుగా, అతని చేతులతో చేయించండి. చీకట్లో ఫోన్లో చెబితే వచ్చే పని కాదు.

పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, బయోడీజిల్‌కి తట్టుకునే విటాన్ రబ్బరువి వేయించండి. రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్నచోట బయోడీజిల్ త్వరగా పాడవుతుంది.

ఇంజిన్ ఆయిల్ గేజీ రోజూ చూడండి. మట్టం పెరుగుతుంటే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందని అర్థం, ఆయిల్ మార్చి నాజిళ్లు చూపించండి. డీజిల్ ఖర్చు కాస్త పెరిగినట్టు అనిపిస్తే కంగారొద్దు, బయోడీజిల్‌లో వేడి కొంచెం తక్కువ.

రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టే ముందు ఇంజిన్‌ని మామూలు డీజిల్ మీద కాసేపు నడిపి ఆపండి. మిగిలిన మిశ్రమాన్ని తర్వాతి పంటకని డ్రమ్ములో నెలల తరబడి దాచకండి. మన దగ్గర తేమకి అడుగున నీళ్లు చేరి నాచులాంటి జిగురు పెరుగుతుంది.