జంటగా కౌన్సెలింగ్‌కు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

కపుల్ థెరపీకి వచ్చేవాళ్లలో చాలామంది మనసులో ఒక తీర్పు కోసం ఎదురుచూస్తుంటారు. తప్పు ఎవరిదో పెద్దమనిషి లాంటి ఒకరు తేల్చి చెప్పాలి, అవతలివాళ్లు మారాలి. ఆ గదిలో అలాంటి పంచాయితీ జరగదు. ఎప్పుడూ ఒకే దారిలో నడిచే మీ గొడవను ఇద్దరూ పక్కన నిలబడి చూడటం, దాన్ని మధ్యలో ఆపడం అక్కడ నేర్పుతారు. ఇది ముందే తెలిసి వెళ్తే మొదటి మూడు నాలుగు సెషన్లు వాదోపవాదాలతో కరిగిపోవు.

ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లకూడదు

గొడవ ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు, అది ఎలా తిరిగొస్తోందో చూడండి. అదే విషయం, అవే మాటలు, అదే ముగింపు. ఒకరు అడిగేకొద్దీ మరొకరు నోరు విప్పకపోవడం. అలిగాక మళ్లీ మాట కలవడానికి రోజులు పట్టడం. డబ్బు, పిల్లలు, పడకగది లాంటి ఒక విషయాన్ని ఇద్దరూ జాగ్రత్తగా తప్పించుకు తిరగడం. వీటిలో ఏ ఒక్కటి నెలల తరబడి సాగుతున్నా వెళ్లవచ్చు. ఒకరి మీద ఒకరికి ఇష్టం మిగిలి ఉన్నప్పుడే వెళ్లడం మంచిది. లాయరు దగ్గరికి వెళ్లే దారిలో చివరి మజిలీగా దీన్ని పెట్టుకుంటే పని చాలా కష్టమవుతుంది.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నా, ఏం మాట్లాడితే ఏం జరుగుతుందోనన్న భయం ఉన్నా ఇద్దరూ కలిసి కూర్చునే థెరపీ వద్దు. గదిలో చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలు తినాల్సి రావచ్చు. అక్కడ ముందు కావలసింది విడిగా సహాయం, భద్రత.

ఒకరికి కలిసి ఉండాలని, మరొకరికి విడిపోవాలని ఉంటే డిసర్న్‌మెంట్ కౌన్సెలింగ్ అని వేరే పద్ధతి ఉంది. విలియం డోహర్టీ రూపొందించిన ఈ పద్ధతి ఒకటి నుంచి ఐదు సెషన్లలో ముగుస్తుంది. బంధాన్ని బాగుచేయడం దాని పని కాదు. ఎటు వెళ్లాలో ఇద్దరికీ స్పష్టత తెస్తుంది, అంతే.

ఎవరిని ఎంచుకోవాలి

ఒక్కొక్కరితో విడిగా చక్కగా పనిచేసే థెరపిస్టు జంటతోనూ అలాగే పనిచేయగలరని అనుకోకండి. ఇద్దరు ఎదురెదురుగా రగులుతున్నప్పుడు పక్షం వహించకుండా ఆపడానికి వేరే శిక్షణ కావాలి. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోన్‌లో అడగండి: జంటల థెరపీలో మీ శిక్షణ ఏమిటి, ఏ పద్ధతి వాడతారు, సెషన్ ఎంతసేపు? ఇంకొకటి తప్పకుండా అడగాలి: మాలో ఒకరు విడిగా మీకు చెప్పిన రహస్యాన్ని ఏం చేస్తారు? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పలేనివాళ్ల దగ్గరికి వెళ్లకండి. రెండో వ్యక్తికి తెలియని అక్రమ సంబంధం థెరపిస్టుకు మాత్రమే తెలిసి ఉండటం థెరపీని లోపలినుంచి తినేస్తుంది.

పద్ధతుల్లో ఎక్కువగా వినిపించేవి మూడు. 1980లలో సూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ తీర్చిదిద్దిన ఎమోషనలీ ఫోకస్డ్ థెరపీ కోపం కింద దాగిన భయాన్ని, ఒంటరితనాన్ని బయటికి తెస్తుంది. సాధారణంగా 8 నుంచి 20 సెషన్లు పడుతుంది. ఆండ్రూ క్రిస్టెన్‌సెన్, నీల్ జేకబ్‌సన్‌ల పద్ధతి మార్పుతో పాటు అంగీకారం మీద కూడా దృష్టి పెడుతుంది. జాన్ గాట్‌మన్ పద్ధతి దంపతుల మాటతీరును ఏళ్ల తరబడి పరిశీలించి కట్టినది. పద్ధతి ఏదైనా, ఆ మనిషి ముందు ఇద్దరూ నోరు విప్పగలగాలి.

గదిలో ఏం జరుగుతుంది

మొదట ఇద్దరితో కలిపి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఆపైన మీ సమస్య తనకు ఎలా కనిపిస్తోందో థెరపిస్టు చెప్పడం మామూలు పద్ధతి. వెళ్లేముందు ఎవరికి వారు అర పేజీ రాసుకోండి. అందులో అవతలివాళ్ల తప్పుల జాబితా వద్దు, గొడవ మొదలయ్యాక నేనేం చేస్తాను అన్నదే రాయండి.

అసలు పని ఇలా ఉంటుంది. ఆలస్యంగా ఇంటికొచ్చిన భర్తతో భార్య, "ఫోన్ చేసి ఒక మాట చెప్పడానికి కూడా తీరిక లేదా? నీకెప్పుడూ నీ పనే" అంటుంది. అతను "మళ్లీ మొదలుపెట్టావా" అని పక్క గదిలోకి వెళ్తాడు. ఆమె వెనకే వెళ్లి గొంతు పెంచుతుంది. అతను తలుపు వేసుకుంటాడు. థెరపిస్టు ఇక్కడ ఆపి ఆమెను అడుగుతారు: "ఆయన తలుపు వేసుకున్న క్షణంలో మీ లోపల ఏమైంది?" కాసేపటికి జవాబు వస్తుంది: "నేనున్నా లేకపోయినా తనకు ఒకటే అనిపించింది." అతన్నీ అదే అడిగితే, "నేనేం మాట్లాడినా తప్పే అవుతుంది. ఇంకా చెడగొట్టకూడదనే లోపలికి వెళ్లాను" అంటాడు. ఆమె తరమడం దగ్గరవ్వాలని, అతను తప్పుకోవడం గొడవ పెరగకూడదని. ఒకరి మందు ఇంకొకరికి విషమవుతోంది. దాన్ని ఇద్దరూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో వినడమే థెరపీ వల్ల కలిగే పెద్ద మేలు. ఇంట్లో వంద గొడవలు పడినా ఆ రెండు వాక్యాలు బయటికి రావు.

ఇంట్లో చేయాల్సిన సాధన

వారానికి ఒక గంట మాత్రమే కూర్చుని మిగతా రోజులు పాత పద్ధతిలోనే సాగితే ఏమీ మారదు. ముందుగా విరామం తీసుకోవడం నేర్చుకోండి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. గొడవలో గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటుంటే చెవికి మాట ఎక్కదు. మణికట్టు దగ్గర 15 సెకన్లు నాడి చూసి నాలుగుతో గుణించండి. ఎక్కువుంటే, "ఇప్పుడు నాకు తల పనిచేయడం లేదు, అరగంటలో వచ్చి మాట్లాడతాను" అని చెప్పి లేవండి. ఒంట్లో వేడి దిగడానికి కనీసం 20 నిమిషాలు కావాలి.

ఇది చెడేది రెండు చోట్ల. తిరిగొచ్చే వేళ చెప్పకుండా వెళ్తే అవతలివాళ్లకు అది విరామంలా ఉండదు, వదిలేసి పోయినట్టే ఉంటుంది. పక్క గదిలో కూర్చుని "వచ్చాక ఇలా అంటాను" అని జవాబులు కూర్చుకుంటే నాడి దిగదు. నడవండి, స్నానం చేయండి, పాటలు వినండి. చెప్పిన వేళకు, చెప్పినవాళ్లే మాట మొదలుపెట్టాలి.

మాట ఎత్తుకునే తీరు కూడా మార్చుకోవాలి. "నీకెప్పుడూ నీ పనే" అనే బదులు "తొమ్మిదైనా రాకపోతే కంగారు పడ్డాను, ఆలస్యమైతే ఒక మెసేజ్ పెట్టు" అనండి. జరిగింది, అనిపించింది, కావలసింది, ఆ వరసలో. విమర్శ, చులకన, సమర్థించుకోవడం, గోడలా బిగుసుకుపోవడం అని బంధాన్ని చెడగొట్టేవిగా గాట్‌మన్ చెప్పిన నాలుగు అలవాట్లలో చులకన అన్నిటికన్నా ప్రమాదం. వెటకారం, ముఖం చిట్లింపు, "నీ బుద్ధే అంత" లాంటి మాటలు ఇంటి నుంచి పూర్తిగా పోవాలి.

ఎక్కడ బెడిసికొడుతుంది

"ఆవిడ నీకేం చెప్పారు, నువ్వేం చేస్తున్నావు" అంటూ థెరపిస్టు మాటను ఆయుధంగా వాడటం అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు. సెషన్ నుంచి తిరిగొచ్చే దారిలో అదే చర్చ కొనసాగించడం రెండోది. ఆ పూట ఆ విషయం ఎత్తకూడదని ముందే అనుకోండి. థెరపిస్టు ఒకరి వైపే మొగ్గుతున్నారనిపిస్తే గదిలోనే, ఇద్దరి ముందే చెప్పండి. మంచి థెరపిస్టు నొచ్చుకోరు. సెషన్ పొడుగునా మిమ్మల్ని కొట్లాడుకోనిచ్చి చూస్తూ కూర్చునేవాళ్లయితే మార్చేయండి.

ఎంత ఆశించవచ్చు? చాలాకాలంగా తీవ్రంగా నలుగుతున్న 134 జంటల మీద క్రిస్టెన్‌సెన్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనంలో, థెరపీ ముగిసిన ఐదేళ్లకు దాదాపు సగం జంటల్లో చెప్పుకోదగ్గ మెరుగు నిలిచింది. సుమారు నాలుగో వంతు విడిపోయారు. సమస్యలన్నీ తీరిపోతాయని కూడా అనుకోకండి. గాట్‌మన్ లెక్కలో దంపతుల తగువుల్లో 69 శాతం ఎప్పటికీ ఉండేవే. ఒకరికి పొదుపు, ఒకరికి ఖర్చు. ఒకరికి సందడి, ఒకరికి నిశ్శబ్దం. వాటి గురించి గాయపరచుకోకుండా మాట్లాడుకోగలిగితే థెరపీ పనిచేస్తున్నట్టే.

గొడవ వచ్చినా అదే రోజు మాట కలుస్తుంటే సెషన్లను వారం నుంచి రెండు వారాలకు, తర్వాత నెలకు జరపండి. కాన్పు, ఉద్యోగం పోవడం, ఊరు మారడం లాంటి వేళల్లో పాత గొడవ తల ఎత్తితే ఒకటి రెండు సెషన్లకు మళ్లీ వెళ్లవచ్చు. అందుకు ఆ థెరపిస్టు నంబరు దగ్గర ఉంచుకోండి.