ఎల్డెన్ రింగ్‌లో విలన్ ప్లాన్ ఏంటో మనమే తవ్వి తియ్యడం ఎలా?

మా అమలాపురం వైపు ఎవరైనా ఉన్నట్టుండి కాలవ గట్టు పక్కన అరెకరం కొబ్బరితోట అమ్మేశారనుకోండి, అరుగు మీద కూర్చున్న పెద్దాళ్ళు వెళ్ళి ఆయన్నే "ఎందుకమ్మావయ్యా" అని అడగరు, అడిగినా నిజం చెప్పడని తెల్సు. కొన్నదెవరు, సాక్షి సంతకం ఎవరిది, రిజిస్ట్రేషన్ కూతురి పెళ్ళికి ముందా తర్వాతా, ఈ మూడూ కనుక్కుని సాయంత్రం టీ టైముకల్లా కథంతా చెప్పేస్తారు. ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేములో విలన్ ప్లాన్ పట్టుకోవాలన్నా చెయ్యాల్సింది సరిగ్గా ఇదేనండి, ఆయ్.

గేము 2022 ఫిబ్రవరిలో వచ్చింది, డైరెక్టర్ హిదెటాకా మియాజాకి. ఈయన చిన్నప్పుడు తనకి పూర్తిగా అర్థం కాని పుస్తకాలు చదువుతూ, తెలీని చోటల్లా సొంతంగా ఊహించుకునేవాడంట, ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు. ఇప్పుడా కష్టం మనచేత పడిస్తున్నాడు. కథ ముక్కలుముక్కలుగా గేములో దొరికే కత్తి మీదో చొక్కా మీదో రెండు లైన్లు రాసి వదిలేస్తాడు, ఏరుకోవడం మన పని. (ఇక్కడ్నుంచి స్పాయిలర్లే, గేము ఆడనోళ్ళు ఆడాకే రండి.)

మొదట: ఒక్క రాత్రి పట్టుకోండి

మొత్తం లోర్ (గేము వెనకున్న కథ) ఒకేసారి మీదేసుకుంటే రెండ్రోజుల్లో విసుగొస్తుంది. ఒక్క సంఘటన తీస్కోండి. నేను నల్లకత్తుల రాత్రితో మొదలెట్టా. ఆ రాత్రి గాడ్విన్ అనే రాకుమారుణ్ణి హంతకులు చంపేశారు, కానీ చచ్చింది ఆత్మ ఒక్కటే, ఒళ్ళు బతికే ఉంది. ఎవరు చేయించారు, సగం చావు ఎందుకు? అంతే, ఇంకేం పట్టించుకోకండి.

తర్వాత: నోట్‌బుక్‌లో మూడు గళ్ళు

ఫోన్లో స్క్రీన్‌షాట్లు తీసి పడేస్తే మళ్ళీ చూడం, ఒట్టు, నా ఫోన్లో ఇంకా తెరవనివి బోలెడున్నాయి. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి. మొదటి గడిలో "రాసుంది", రెండో గడిలో "కళ్ళారా చూశా", మూడో గడిలో "అనుకుంటున్నా". మూడోది మాత్రం పెన్సిల్‌తో రాయండి, ఎందుకో మీకే తెలుస్తుంది.

రాసింది ఎలా చదవాలంటే

నల్లకత్తుల హంతకుల కవచం మీద ఏముంటుందంటే, వాళ్ళందరూ ఆడవాళ్ళు, వాళ్ళు న్యూమెన్ జాతి వాళ్ళని, రాణి మరికకి బాగా దగ్గరోళ్ళని చెప్పుకుంటారు అని. ఆ "చెప్పుకుంటారు" చూశారా? ఆడవాళ్ళన్న మాట గట్టిగానే చెప్పాడు, మిగతాది మాత్రం పుకారుగా వదిలాడు. ఒకే వాక్యంలో సగం మొదటి గడిలోకి, సగం మూడో గడిలోకి వెళ్తాయి. సగం వీడియోలు పప్పులో కాలేసేది ఇక్కడే, పుకారు తీస్కొచ్చి రుజువు కింద చూపించేస్తారు.

వస్తువు దొరికిన చోటు కూడా సాక్ష్యమే

చావు గుర్తు ఒకటుంటుంది, లియర్నియా అనే ప్రాంతంలో దివ్యగోపురం పైన దొరుకుతుంది. అక్కడికెళ్ళాలంటే కారియన్ స్టడీ హాల్ మొత్తాన్ని తలకిందులు చెయ్యాలి, నిన్న నేలనుకుని నడిచింది ఇవాళ నెత్తిమీదుంటుంది. అంత తిప్పలు పడి పైకెక్కితే ఉండేది ఒక శవం, అది మంత్రగత్తె రాన్నీ సొంత ఒళ్ళు. గుర్తు మీద ఏం రాసుందంటే, ఇది గుండ్రంగా రావాల్సింది కానీ ఇద్దరు ఒకేసారి చావడంతో రెండు అరచక్రాలుగా విరిగింది, రాన్నీకి ఒళ్ళు పోయింది, గాడ్విన్‌కి ఆత్మ పోయింది అని. అంటే ఒక చావుని ఇద్దరు పంచుకున్నారు! సగం చావు ఎందుకన్న ప్రశ్నకి జవాబు ఒక గోపురం పైన శవం దగ్గర పెట్టాడు, అదే గుర్తు ఇంకెక్కడో పెట్టెలో దొరికితే ఇంత అర్థమయ్యేది కాదు.

ఎవరు చేయించారు, ఎందుకు అన్నది వేరే దారిలో దొరుకుతుంది. గేములో తారసపడే రోజియర్ అనే మంత్రగాడు అడిగిన నల్లకత్తి గుర్తు తెచ్చిస్తే వాడు రాన్నీ పేరు బయటపెడతాడు, వెళ్ళి అడిగితే ఆవిడే మృత్యు రూన్ (చావు శక్తి ఉన్న రూన్) ముక్క దొంగిలించింది నేనే అని ఒప్పుకుంటుంది. టూ ఫింగర్స్ (దైవం మాట చెప్పే రెండు పెద్ద వేళ్ళు) చెప్పినట్టల్లా ఆడటం ఇష్టం లేక, ఆ ఒళ్ళుంటే తప్పదని ఒళ్ళే వదిలేసుకుంది.

కొన్నదెవరు?

ఇదే అసలు స్టెప్పు, నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. మోగ్ అని రక్తాల రాజు ఉంటాడు, హేలిగ్‌ట్రీ అనే చెట్టులో నిద్రపోతున్న మికెల్లా అనే దేవతాంశ పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి కాయలాంటి గూట్లో పెట్టుకుంటాడు, గూట్లోంచి ఒక చెయ్యి వేలాడుతుంటుంది. మోగ్ విలన్, మికెల్లా పాపం పసివాడు, నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాసేశా. మా బావ మాత్రం మొదట్నుంచీ ఒకటే ఎటకారం, "ఒరేయ్, ఎత్తుకుపోయినోడు ఏం బావుకున్నాడ్రా, చివరికి మన చేతిలో చచ్చాడు, లాభం ఎవడికో చూడు" అని. నేను విన్లేదు.

2024 జూన్ 21న డీఎల్‌సీ (గేముకి అదనంగా కలిపే కొత్త భాగం) వచ్చింది. లోపలికెళ్ళాలంటే ముందు ఇద్దర్ని చంపి ఉండాలి, రడాన్ అనే యోధుణ్ణి, మోగ్‌ని. ఇదేదో లెవెల్ కోసం పెట్టిన రూలు అనుకున్నా. చివరికెళ్తే తెల్సింది, మికెల్లా దేవుడవ్వాలంటే పక్కన రాజొకడు కావాలి, ఆ రాజు ఆత్మ రడాన్‌ది, ఆత్మ దూరడానికి ఒళ్ళు మోగ్‌ది. రెండూ సరఫరా చేసింది ఎవరండి? మనమే! గేటు తాళమే ప్లాన్ అన్నమాట. అందుకే డైలాగులే కాదు, గేము మనచేత ఏం చేయిస్తుంది, ఏ వరసలో చేయిస్తుంది అన్నది కూడా రాస్కోండి.

మోగ్‌ని మికెల్లాయే వశం చేసుకున్నాడని ఆన్స్‌బాక్ చెప్తాడు. కానీ ఆన్స్‌బాక్ మోగ్ మనిషి, తన దొరని వెనకేసుకొస్తాడు కదా, కాబట్టి రెండో సాక్షి కావాలి. ఆ సాక్షి 2022 నుంచీ నా సంచిలోనే ఉంది. వశీకరణ కొమ్మ, దాంతో శత్రువుని గుచ్చితే కాసేపు మనవైపు తిరుగుతాడు. దానిమీద ఏం రాసుందంటే మికెల్లాని చాలామంది ప్రేమిస్తారు, అలా ప్రేమించేలా చేసుకోడం అతను బాగా నేర్చుకున్నాడు అని. నేర్చుకున్నాడంట! రెండేళ్ళు ఆ కొమ్మతో ఎంతమందిని గుచ్చానో, ఒక్కసారి తిన్నగా చదవలేదు. బావ ఫోన్ చేసి ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

చిన్న జాగ్రత్తలు

గేములో సంవత్సరాలుండవు, దీనికి ముందు దానికి తర్వాత అని వరస మాత్రమే పెట్టుకోండి. గేము ఫైళ్ళలోంచి తవ్విన, వాళ్ళే తీసేసిన డైలాగులు లెక్కలోకి తీస్కోకండి, రద్దయిన దస్తావేజు చూపించి పొలం నాదంటే ఎవడొప్పుకుంటాడు. థియరీ పూర్తయ్యాక ఇంకోడి చేతికిచ్చి పడగొట్టమనండి, మెచ్చుకునేవాడికి కాదు, మా బావలాంటోడికి.

ఇన్ని చేసినా కొన్ని తేలవు. గాడ్విన్ మరిక కొడుకే. హంతకులు ఆవిడకి దగ్గరోళ్ళని పుకారు. మరి ఆ రాత్రి సంగతి ఆవిడకి ముందే తెల్సా? తెల్సనే మా బావ పట్టు, మొన్న సంక్రాంతికి కోడిపందేలు కూడా మానేసి అరుగు మీద కూర్చుని ఇదే గొడవ. నేను మాత్రం మూడో గడిలోనే ఉంచా, పెన్సిల్‌తో.