షియాన్ కోటగోడను ఎలా చూడాలి

వాయవ్య చైనాలోని షియాన్ నగరం నడిబొడ్డును సుమారు 13.7 కిలోమీటర్ల మేర చుట్టి ఉన్న కోటగోడను చూడబోయేవారిలో చాలామంది నేరుగా పైకెక్కి సైకిలు అద్దెకు తీసుకుంటారు. అలా చేస్తే చుట్టు పూర్తవుతుంది గాని కోట అర్థం కాదు. మెట్రో రెండవ లైనులో దక్షిణ ద్వారమైన యోంగ్‌నింగ్ దగ్గర దిగి, ముందు కొంతసేపు నేలమీదనే తిరగడం మంచిది.

కందకం దాటి లోపలికి నడుస్తుంటే, మొదట వంతెనకు కాపలాగా ఒక గోపురం, దాని వెనుక విలుకాండ్ర గోపురం, అన్నిటికీ లోపల ప్రధాన గోపురం వరుసగా ఎదురవుతాయి. చివరి రెండింటి నడుమ ఎత్తైన గోడలు చుట్టిన ఆవరణను నిదానంగా చూడండి. మొదటి ద్వారాన్ని ఛేదించి లోపలికి చొరబడిన శత్రువు ఇక్కడ చిక్కుకుంటే నాలుగు దిక్కుల నుంచీ బాణాలు కురిసేవి. నా మటుకు కోట మొత్తంలో చూడదగిన చోటు ఇదే.

ఇప్పుడు పైకెక్కవచ్చు. ప్రవేశ రుసుము వేరు, సైకిలు అద్దె వేరు. మింగ్ వంశపు తొలి చక్రవర్తి హోంగ్‌వూ కాలంలో, 1370లలో, దిమ్మిసతో కొట్టి గట్టిపరచిన మట్టితో లేపిన ఈ గోడకు ఇటుక తొడుగు 1568లో వచ్చింది. ఎత్తు 12 మీటర్లు, పైన వెడల్పు 12 నుంచి 14 మీటర్లు. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన 98 బురుజులు దాదాపు 120 మీటర్లకొకటి చొప్పున ఉండడం యాదృచ్ఛికం కాదు: రెండు బురుజుల మీది విలుకాండ్రు చెరిసగం దూరం కాచుకుంటే గోడ పాదం దగ్గరకు చేరినవాడు కూడా తప్పించుకోలేడు.

సైకిలు మీద పూర్తి చుట్టుకు రెండు గంటలు కేటాయించండి. దారంతా ఇటుకలే కాబట్టి కుదుపులు తప్పవు. నీడ దాదాపు ఉండదు కనుక వేసవిలో సాయంత్రమే మేలు.

ఇంత పెద్ద కోటా, ఇదే చోట ఉన్న పూర్వపు తాంగ్ వంశపు రాజధాని చాంగాన్ వైశాల్యంలో సుమారు ఏడో వంతు మాత్రమే. ఆ కొలత కాళ్లకు తెలియాలంటే, దక్షిణ ద్వారం నుంచి దాదాపు 4 కిలోమీటర్ల దూరంలో, గోడకు వెలుపల ఉన్న బిగ్ వైల్డ్ గూస్ పగోడా అనే బౌద్ధ గోపురం వరకు నడవండి. తాంగ్ కాలంలో అదంతా నగరం లోపలిదే. మన అమరావతి దగ్గరి ధాన్యకటకం చూసి, 645లో చాంగాన్‌కు తిరిగి చేరిన బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికే ఆ పగోడాను 652లో తొలిసారి కట్టారు.