డిగ్రీ, బీటెక్ చదువుకు స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రావాలంటే ఏం చేయాలి? నల్లగొండ, పాలమూరు విద్యార్థుల కోసం

జూన్ వచ్చిందంటే మా ఊరి పిల్లలు మెమోల కవర్లు పట్టుకుని మా అరుగు మీద కూర్చుంటారు. నల్లగొండలో నేను డిగ్రీ చదివింది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదనే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే కావడంతో అప్పట్లో నాకు చెప్పేవాళ్లు లేరు. మొదటి ఏడాది డబ్బు కోసం ఎనిమిది నెలలు తిరిగాను. అప్పటి నుంచి ఎంతోమంది దరఖాస్తులు దగ్గరుండి పెట్టించాను. అర్హత లేక పోగొట్టుకున్నవాళ్లు తక్కువ. 'సబ్మిట్' నొక్కి, ఇక పని అయిపోయిందని ఇంటికి పోయినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. అందుకే సబ్మిట్‌కు ముందు ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో రెండూ రాస్తున్నాను.

మొదటి పని: పేరు సరిచూసుకోండి

పదో తరగతి మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చదవండి. రెండింట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల పిల్లలకు ఈ చిక్కు మరీ ఎక్కువ. మెమోలో 'బానోత్' అని ఉంటుంది, ఆధార్‌లో 'బానోతు' అని ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా, అంతే. మనకు అది ఒకే ఇంటిపేరు, కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. కొందరికి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది.

తేడా కనబడితే ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్పించండి. మెమోలో మార్పు చేయించాలంటే బోర్డు దాకా పోవాలి, నెలలు పడుతుంది. ఆధార్ కేంద్రంలో మెమో చూపిస్తే సరిపోతుంది. దరఖాస్తులు మొదలయ్యాక ఆ కేంద్రాల దగ్గర తొక్కిసలాట ఉంటుంది కాబట్టి ఇంటర్ పరీక్షలు రాసిన వెంటనే ఈ పని ముగించుకోండి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు మీ దగ్గరే ఉండాలి. డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో సీటుకైనా, స్కాలర్‌షిప్‌కైనా ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది. నాయిన పని కోసం ముంబైలోనో పుణేలోనో ఉండి, సిమ్ ఆయన జేబులో ఉంటే ప్రతి ఓటీపీకి ఒక ఫోన్‌కాల్ చేయాల్సి వస్తుంది.

రెండో పని: ఆదాయం, కులం సర్టిఫికెట్లు

రెండింటికీ మీసేవలో దరఖాస్తు పెట్టాలి. తహసీల్దార్ కార్యాలయం నుంచి వస్తాయి. పాత ఆదాయ సర్టిఫికెట్ బీరువాలో ఉంది కదా అని ధీమాగా ఉండకండి, ఆ ఏడాదిది కొత్తగా తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పథకంలో బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థుల కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు కేంద్ర పోస్ట్ మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుల) పథకం పరిమితి 2.5 లక్షలు. రాష్ట్రం స్కాలర్‌షిప్‌ల కోసం నడిపే ఈపాస్ వెబ్‌సైట్ నోటిఫికేషన్‌లో ఆ ఏడాదికి ఇచ్చిన అంకె కూడా చూసుకోండి. ఓసీల్లో పేదవాళ్లు ఈబీసీ కింద అర్హులే. ఈ సంగతి తెలియక మా మండలంలోనే కొందరు మూడేళ్లూ పూర్తి ఫీజు కట్టారు.

మూడో పని: ఏ పథకమో తేల్చుకోండి

ఒకేసారి రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తీసుకోవడం కుదరదు. అందుకే కూర్చుని లెక్క వేయాలి.

మన దగ్గర ఎక్కువమందికి పనికొచ్చేది ఈపాస్ ద్వారా వచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. ఇందులో రెండు భాగాలుంటాయి. ట్యూషన్ ఫీజు ఒకటి, ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ ఇంకొకటి. ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఎంట్రన్స్ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. ర్యాంకు అంతకు మించితే 35,000 రూపాయల వరకే వస్తుంది, మిగతాది ఇంట్లోంచి కట్టాలి. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునే ముందే ఈ తేడాను నాలుగేళ్లకు లెక్క వేయండి. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు షరతు లేదు. మేనేజ్‌మెంట్ కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. దూరవిద్యకూ రాదు. "ఎట్లయినా ఇప్పిస్తం" అని సీటు అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

రెండోది కేంద్రం ఇచ్చే పీఎం-యూఎస్‌పీ స్కాలర్‌షిప్. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. ఇంటర్ బోర్డులో పై 20 శాతంలో ఉండాలి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపుండాలి. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, పీజీలో 20,000 వస్తుంది. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకు. రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది ఇవ్వరు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తక్కువ ఫీజుతో బీఏ చదివే మంచి మార్కుల విద్యార్థికి చాలాసార్లు ఇదే లాభం. ప్రైవేటు కాలేజీలో బీటెక్ చదివేవాళ్లకు ఈపాసే మేలు.

టెక్నికల్ కోర్సుల్లో చేరే అమ్మాయిలు కేంద్ర సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ప్రగతి పథకాన్ని తప్పక చూడాలి. ఏడాదికి 50,000 ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా తీసుకోవచ్చు. వికలాంగులకు సక్షమ్ అనే పథకం ఇలాంటిదే. హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సున్నపురాయి గనుల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ విడిగా ఇచ్చే సాయం ఉంది. అదీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న ఊళ్లలో దీని గురించి అడిగేవాళ్లే లేరు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

నాలుగో పని: బ్యాంకు ఖాతా

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఇంటర్ అయ్యాక సెలవుల్లో ఉపాధి హామీ పనికి పోయినప్పుడు ఒక ఖాతా తెరిచాను. కాలేజీలో చేరినప్పుడు ఇంకోటి తెరిచి, దాని నంబరే దరఖాస్తులో రాశాను. డబ్బు పడలేదు. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి పుస్తకాలు కొన్నాను. ఏడాదికి నూటికి 36 రూపాయల మిత్తి అది. ఎనిమిది నెలల తర్వాత తెలిసింది, డబ్బంతా పాత ఖాతాలో పడి ఉందని.

ఆధార్ లింకు వేరు, ఆధార్ సీడింగ్ వేరు. లింకు ఎన్ని ఖాతాలకైనా ఉండొచ్చు. సీడింగ్ మాత్రం ఒక్క బ్యాంకుకే ఉంటుంది. ప్రభుత్వం ఆధార్ ద్వారా పంపే డబ్బు, మీరు దరఖాస్తులో ఏ నంబరు రాసినా, ఆ సీడింగ్ ఉన్న ఖాతాకే పోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' అని ఉంటుంది. ఓటీపీ కొట్టి చూస్తే బ్యాంకు పేరు కనబడుతుంది. అది మీరు వాడే బ్యాంకు కాకపోతే, మీ బ్యాంకుకు పోయి "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి" అని రాసివ్వండి. డీబీటీ అంటే ప్రభుత్వం డబ్బును నేరుగా ఖాతాలో వేయడం, ఎన్‌పీసీఐ అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ. 'ఆధార్ లింకు చేయండి' అని మాత్రం అనకండి, వాళ్లు లింకు చేసి పంపేస్తారు. ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి, వాడకంలో ఉండాలి.

ఐదో పని: దరఖాస్తు

ఈపాస్‌లో పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీతో మొదలుపెడతారు. నెట్ సెంటర్‌లో నింపిస్తే పక్కనే కూర్చుని చూడండి. హాస్టలా, డే స్కాలరా అన్న గడి దగ్గర ఆగండి. ప్రభుత్వ హాస్టల్లో ఉంటే మెయింటెనెన్స్ హాస్టల్‌కు పోతుంది. గదిలో ఉంటూ హాస్టల్ అని పెడితే తర్వాత సరిచేయించడం కష్టం. దరఖాస్తు నంబరును ఫోన్లో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకూ పంపండి. కోర్సు అయ్యేదాకా అదే మీ గుర్తు.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అయితే ముందు ఒకసారి రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ముఖం ధ్రువీకరణ అయ్యాక 14 అంకెల నంబరు వస్తుంది. దాంతోనే ఏటా దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆరో పని: సబ్మిట్ తర్వాత వెంటపడండి

ప్రింట్, జిరాక్సులు కాలేజీ ఆఫీసులో ఇవ్వండి. అక్కడ ఆన్‌లైన్‌లో ధ్రువీకరిస్తేనే ఫైలు ముందుకు పోతుంది. మీసేవలో వేలిముద్ర వేయమని మెసేజ్ వస్తే వాయిదా వేయకండి. పత్తి ఏరి, ఇటుకలు మోసి వేలిముద్రలు అరిగిన పిల్లలను చూశాను. మొదటిసారి పడకపోతే వేళ్లు కడుక్కుని, తుడుచుకుని మళ్లీ ప్రయత్నించండి. అయినా కాకపోతే ఆధార్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోండి. ఆ తర్వాత ఫైలు జిల్లా సంక్షేమ అధికారి దగ్గరకు, అక్కడి నుంచి ట్రెజరీకి పోతుంది. పదిహేను రోజులకోసారి ఈపాస్‌లో స్టేటస్ చూడండి. ఎక్కడ ఆగిందో అక్కడికే పోయి అడగండి. మిగతా ఆఫీసుల చుట్టూ తిరిగితే బస్సు కిరాయి దండుగ.

అమ్మాయిలకు ఆ కిరాయి కూడా లేదు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతా ఉచితమే. మక్తల్ నుంచి పాలమూరుకో, మునుగోడు నుంచి నల్లగొండకో రోజూ వచ్చిపోయే ఆడపిల్లకు ఇదీ పెద్ద సాయమే. అబ్బాయిలు స్టూడెంట్ బస్‌పాస్ తీసుకోండి.

ఎస్సీ విద్యార్థులకు ఒక మాట. కేంద్రం వాటా 60 శాతం నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది, అందులో కాలేజీకి చెందిన ఫీజు కూడా ఉంటుంది. ఎంతవరకు మీది, ఎంత కాలేజీది అని తెలుసుకోకుండా ఖర్చు పెట్టకండి. కట్టిన ఫీజుకు రసీదు తీసుకోండి.

డబ్బు ఆలస్యమైతే

ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు బకాయిలు పేరుకుపోవడం నిజమే. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు వాటి కోసం బంద్ కూడా చేశాయి. ఆ భారం విద్యార్థి మెడ మీద పడకూడదు. అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మీ దగ్గర పెట్టుకుంటే రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితం కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

ఇంకా తక్కువపడితే మిత్తి వ్యాపారి దగ్గరకు పోయేముందు బ్యాంకు విద్యా రుణం అడగండి. 4 లక్షల దాకా మార్జిన్ (మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా) అక్కర్లేదు, 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అక్కర్లేదు. కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు.

రెండో ఏడాది రెన్యువల్ ఎవరూ గుర్తుచేయరు. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోండి. మార్కుల మెమో వచ్చిన రోజే దరఖాస్తు నంబరు తీసి, రెన్యువల్ తెరిచారో లేదో చూడండి. ఆ పనిమీద పోయినప్పుడే బ్యాంకు సీడింగ్ కూడా మళ్లీ ఒకసారి చూసుకోండి. మధ్యలో మీరు ఇంకో ఖాతా తెరిచి ఉంటే అది మారిపోయి ఉండొచ్చు.